పాత టర్న్‌టేబుల్‌కి కొత్త ముల్లు: ఆడియో టెక్నికా వీఎం95ఈ ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా. మీ దగ్గరున్నది జపాన్‌లో తయారైన 70లు, 80ల నాటి టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) అయి, ఆర్మ్ చివర హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే తల) తిప్పి ఊడదీసే రకమైతే, బడ్జెట్ ఆరేడు వేలు దాటకూడదంటే, జపాన్ కంపెనీ ఆడియో టెక్నికా వాళ్ల ఏటీ-వీఎం95ఈ అనే కార్ట్రిడ్జ్ (ముల్లూ, దాని కదలికని సిగ్నల్‌గా మార్చే చిన్న బాడీ కలిపి) కొనేయండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేసినా పర్లేదు. అదే ఎందుకు, ఎవరికి పనికిరాదు, మన ఉప్పుగాలికి ఏం చూసుకోవాలి అనేది కావాలంటే మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి.

నా దగ్గరున్నది 1970ల చివరి టెక్నిక్స్ డైరెక్ట్ డ్రైవ్, ఎస్ ఆకారంలో వంపు తిరిగిన ఆర్మ్. విశాఖలో ఇలాంటిది దొరకడం వింతేం కాదు. ఓడల మీద పనిచేసినవాళ్లు అప్పట్లో సింగపూర్ నుంచో జపాన్ నుంచో మోసుకొచ్చిన సెట్లు మహారాణిపేట, పాత పోస్టాఫీసు వైపు ఇళ్ల అటకల మీద ఇంకా ఉన్నాయి, పిల్లలు హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో వచ్చి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బయటపడతాయి. అలాంటిది చేతికొస్తే ముందు వెనకవైపు స్టిక్కర్ చూడండి. జపాన్ లోపల అమ్మడానికి చేసినవి 100 వోల్టులవి, మన 230లో నేరుగా పెడితే పొగే. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోవాలి. మోటార్లు మాత్రం చాలావరకు గట్టివే, పోయేది ముల్లు.

డాబాగార్డెన్స్‌లో యాంప్లిఫయర్లు బాగుచేసే ఒక మాస్టారి దగ్గరికి పట్టుకెళ్తే, "ముల్లుదేముంది బాబూ, ఏ ముల్లయినా ఒకటే, గీసుకుంటే పాట వస్తాది" అన్నారు. ఆయన చేతి పని మీద నాకు గౌరవం ఉంది, నా యాంప్‌లో గరగర పోగొట్టింది ఆయనే, కానీ ఈ మాట మాత్రం ఒప్పుకోలేను. ఆర్మ్ బరువుకి, ముల్లు పట్టుకున్న రబ్బరు మెత్తదనానికి పొత్తు కుదరాలి. ఆ రబ్బరు ఎంత సులువుగా కదులుతుందో చెప్పే లెక్కనే కంప్లయన్స్ అంటారు. బరువైన ఆర్మ్‌కి మరీ మెత్తటి కార్ట్రిడ్జ్ పెడితే, వంకర తిరిగిన రికార్డు మీద ఆర్మ్ పైకీ కిందకీ ఊగుతుంది, స్పీకర్ కోన్ పాట లేకుండానే లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది. తేలికైన ఆర్మ్‌కి బిర్రుగా ఉండే కార్ట్రిడ్జ్ పెడితే ఆ ఊగుడు వినిపించే శబ్దాల దాకా పైకి జరుగుతుంది.

లెక్క కష్టమేం కాదు. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (ఊగేటప్పుడు ముల్లుకి తెలిసే ఆర్మ్ బరువు), కార్ట్రిడ్జ్ బరువు, స్క్రూల బరువు కూడండి. దాన్ని కంప్లయన్స్‌తో గుణించి వర్గమూలం తీసి, 159ని దాంతో భాగించండి. జవాబు, అంటే ఆర్మ్ తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకె, 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య రావాలి. మన ఇళ్లల్లో వంకర తిరిగిన రికార్డు ఊగేది 5, 6 హెర్ట్జ్ లోపు, పాటలో బేస్ మొదలయ్యేది 20 పైన, రెంటికీ మధ్యలో పడాలని ఆ లెక్క. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఆర్మ్ 12 గ్రాములు, ఆ కాలం నాటి ఎస్ ఆర్మ్‌లు చాలావరకు దానికి అటూ ఇటూ ఉంటాయి. వీఎం95ఈ బరువు 6.1 గ్రాములు. స్క్రూలతో కలిపి 19 అనుకోండి. కంప్లయన్స్ 7 అని రాసి ఉంటుంది, అది చూసి కంగారు పడకండి, జపాన్ వాళ్లు 100 హెర్ట్జ్ దగ్గర కొలుస్తారు, మనకి కావాల్సింది 10 హెర్ట్జ్ దగ్గరిది, అందుకని ఒకటిన్నర నుంచి రెండింతలు చేసుకోవాలి. 12 వేసుకుంటే జవాబు పదిన్నర. ఇంతకన్నా బాగా కుదిరే జోడీ ఈ ధరలో కష్టం.

ఇప్పుడు కార్ట్రిడ్జ్ అంటే అందరూ చెప్పే పేరు ఆర్టోఫాన్ 2ఎం రెడ్. డెన్మార్క్ కంపెనీ, 1918 నుంచి ఉంది, పేరు తీసిపారేసేది కాదు. 7.2 గ్రాములు, కంప్లయన్స్ 20. ఇదే ఆర్మ్‌కి లెక్క వేస్తే 8కి కాస్త లోపే వస్తుంది. చదునైన కొత్త రికార్డు మీద పర్లేదు. కానీ మన దగ్గరున్నవి ఎలాంటివి? ఎండాకాలం అటక మీద ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టిన డమ్‌డమ్ ప్రెసింగులు (కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన రికార్డులు), గిన్నె అంచులా లేచినవి. స్నేహితుడి రెడ్‌ని నా ఆర్మ్‌కి పెట్టి విన్నాను, అవుట్‌పుట్ 5.5 మిల్లీవోల్టులు కాబట్టి శబ్దం కాస్త ఎక్కువే, మొదట చెవికి దర్జాగా అనిపిస్తుంది. వంకర రికార్డు వేసేసరికి వూఫర్ ఊగడం కళ్లకే కనిపించింది. పైగా ధర ఒకటిన్నర రెట్లు దాటింది. బడ్జెట్‌లో ఉన్న మనిషికి ఆ తేడా డబ్బుతో ఇంకా కావాల్సినవి వస్తాయి, అవేమిటో తర్వాత చెప్తా.

అసలు నన్ను వీఎం95 వైపు లాగింది దాని శబ్దం కూడా కాదు, ముళ్ల సంగతి. 2018లో వచ్చిన ఈ వరసలో బాడీ ఒకటే, ముల్లు మాత్రం చేత్తో లాగి మార్చుకునేలా ఉంటుంది: నీలం రంగుది గుండ్రటి మొన, ఆకుపచ్చది ఎలిప్టికల్ (కోలగా ఉండే మొన), ఎర్రది మైక్రోలీనియర్, గోధుమ రంగుది షిబాటా (ఈ రెండూ ఇంకా సన్నగా చెక్కిన మొనలు). నా దాంట్లో ఉన్నది ఆకుపచ్చది. ఇది అరిగాక, అప్పటికి చేతిలో డబ్బులుంటే, అదే బాడీకి ఎర్ర ముల్లు గుచ్చేయొచ్చు, స్క్రూడ్రైవర్ కూడా ముట్టుకోనక్కర్లేదు, వైర్లూ కొలతలూ అన్నీ అలాగే ఉంటాయి. మన ఊళ్లో ఏ షాపులోనూ ముళ్లు అద్దాల్లో పెట్టి అమ్మరు, అన్నీ ఆన్‌లైన్‌లోనో చెన్నై, ముంబై నుంచి కొరియర్‌లోనో రావాల్సిందే, అందుకని ఇవాళ్టి కార్ట్రిడ్జ్ ఎంత బాగుందన్నదానికన్నా రేపు దానికి ముల్లు దొరుకుతుందా లేదా అన్నది ముందు చూడాలి అంటాను.

ముల్లు ఆయుష్షు లెక్క కూడా చూడండి. కంపెనీ చెప్పేది ఎలిప్టికల్‌కి 300 గంటలు, గుండ్రటి దానికి 500, మైక్రోలీనియర్‌కి 1000. ఎల్పీ ఒక వైపు 20 నిమిషాలు వేసుకుంటే 300 గంటలంటే 450 ఎల్పీలు. రోజుకొకటి వింటే ఏడాది పైచిలుకు. ఎర్ర ముల్లు ఆకుపచ్చదానికి ఇంచుమించు మూడింతల ధర, ఆయుష్షు మూడింతలకి పైనే. అంటే గంటకి పడే ఖర్చు దాదాపు సమానం, పాట మాత్రం మెరుగు. రోజూ వినేవాళ్లకి ఖరీదైన ముల్లే చవక! ఆదివారం మాత్రమే దుమ్ము దులిపేవాళ్లకి ఆకుపచ్చదే చాలు. నేను రెండో రకమే, అందుకే మొదట ఇది కొన్నాను.

ఇక మన ఊరి గాలి. బీచ్ రోడ్డుకి కిలోమీటరు లోపు ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు, ఫ్యాను రెక్కల దగ్గర్నుంచి గేటు గొళ్లెం దాకా ఉప్పు తినేస్తుంది. టర్న్‌టేబుల్‌లో ముందు దెబ్బతినేది హెడ్‌షెల్ వెనకుండే నాలుగు చిన్న పిన్నులు, ఆర్మ్ గొట్టం లోపల వాటికి ఆనుకునే స్ప్రింగ్ కాంటాక్టులు, వెనక ఆర్‌సీఏ ప్లగ్గులు. పిన్నుల మీద నల్లగానో ప్లగ్గుల మీద పచ్చగానో పొర పడుతుంది. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది నాలుగు మిల్లీవోల్టులు, ఆ పొర దాటి రావడానికి దానికి ఓపిక ఎక్కడిది? ఒకవైపు స్పీకర్ వచ్చి పోతుంటుంది, మనం కార్ట్రిడ్జ్ పోయిందనుకుంటాం. కొత్తది ఆర్డర్ పెట్టేముందు మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొని, దూది పుల్లతో ఆ పిన్నులూ ప్లగ్గులూ తుడిచి చూడండి. సగం మందికి అక్కడే సమస్య తీరిపోతుందని నా అనుమానం. పాత హెడ్‌షెల్ వైర్లు పుటుక్కుమనేలా ఉంటే అవీ మార్చేయండి, ఎక్కువ ఖరీదు కాదు.

బిగించడం గురించి భయపెట్టేవాళ్లు ఎక్కువ. తెల్ల వైరు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. కార్ట్రిడ్జ్ వెనక కూడా అవే రంగులుంటాయి. వీఎం95లో నాకు బాగా నచ్చిన సౌకర్యం ఏంటంటే స్క్రూ మరలు బాడీలోనే ఉన్నాయి, పాత రకాల్లో లాగా కింద నట్టు పట్టుకుని, అది జారి సోఫా కిందకి పోయి, వెతుక్కుని, ఆ గొడవంతా లేదు. పెట్టెలో రెండు పొడవుల స్క్రూలు ఇస్తారు, మీ హెడ్‌షెల్ మందాన్ని బట్టి వాడుకోవడమే. ముల్లుకి తొడుగు వేసే ఉంచి బిగించండి. ఇంట్లో చిన్నపిల్లలు నిద్రపోయాక పెట్టుకోండి ఈ పని.

తర్వాత కోణం. ప్రొట్రాక్టర్ అనే గీతల కాగితం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ద్వారకానగర్‌లో ఏ జిరాక్స్ షాపులోనైనా ప్రింట్ తీసుకోండి, కాకపోతే సైజు తగ్గించకుండా నూటికి నూరు శాతం ప్రింట్ చేయమని గట్టిగా చెప్పండి, తీశాక స్కేలు పెట్టి కొలవండి. జిరాక్స్ కుర్రాళ్లకి పేజీకి సరిపెట్టే బటన్ నొక్కడం అలవాటు. మిల్లీమీటరు తేడా వచ్చినా ఆ కాగితం దండగ.

ముల్లు రికార్డు మీద మోపాల్సిన బరువు రెండు గ్రాములు, 1.8 నుంచి 2.2 దాకా ఒప్పుకుంటుంది. ఆర్మ్ మీద అంకెల చక్రాన్ని నమ్మకండి, నలభై ఏళ్లు దాటిన ఆర్మ్ అది. గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ త్రాసు కొన్ని వందలకే వస్తుంది. కురుపాం మార్కెట్‌లో బంగారం తూచినంత జాగ్రత్తగా తూచాను నేను, చక్రం 2 అంటే త్రాసు 2.3 అంది. త్రాసు పళ్లెం మాత్రం ఇనుముది కాకుండా చూసుకోండి, కార్ట్రిడ్జ్‌లో అయస్కాంతం ఉంటుంది, అది ఇనుముకి లాగి తప్పుడు బరువు చూపిస్తుంది. బరువు తక్కువ పెడితే రికార్డు బాగుంటుందని చాలామంది అనుకుంటారు గానీ అది పొరపాటు. తేలికైన ముల్లు గాడిలో నిలవక గోడలకి కొట్టుకుంటుంది, ఎక్కువ పాడయ్యేది అప్పుడే. రెండు అంటే రెండు పెట్టండి.

సరే, పాట ఎలా ఉంది? గొంతులు బాగున్నాయి. ఘంటసాల గారి పద్యంలో రాగం తీసిన తర్వాత ఊపిరి పీల్చుకునే చోటు, ఇదివరకు గుండ్రటి ముల్లుతో సరిగా వినపడనిది, ఇప్పుడు తెలుస్తోంది. మృదంగంలో ఎడమవైపు గుమ్కీ బొద్దుగా కాకుండా బిగువుగా ఉంది. వీణ తీగ మీటిన మొదటి క్షణం చురుగ్గా వస్తుంది. హై శబ్దాలు కాస్త ముందుకి వస్తాయి, ఆడియో టెక్నికా అలవాటే అది, చెవులు చురుగ్గా ఉన్న కుర్రాళ్లకి కొంచెం ఎక్కువ అనిపించొచ్చు, నా వయసుకి సరిగ్గా సరిపోయింది.

అసలు పరీక్ష స, శ అక్షరాలు. సుశీల గారి గొంతు, అందులోనూ రికార్డు చివరి పాట వేయండి. ఎల్పీ మొదట్లో ముల్లు కింద గాడి సెకనుకి 50 సెంటీమీటర్ల వేగంతో పోతుంది, లేబుల్ దగ్గరకొచ్చేసరికి అది 20 చిల్లరకి పడిపోతుంది. అంత శబ్దాన్నీ సగం కన్నా తక్కువ చోటులో కుక్కేస్తారన్నమాట, మొద్దు మొనకి ఆ సన్న వంపులు అందవు, అందుకే చివరి పాటలో స అంటే ష్ష్ అని చీలుతుంది. ఎలిప్టికల్ మొనతో ఇది బాగా తగ్గింది. పూర్తిగా పోయిందా అంటే లేదు. గట్టిగా కోసిన సినిమా రికార్డుల్లో ఆఖరి పాట చివరి నిమిషంలో ఇంకా ఉమ్మినట్టే ఉంటుంది. అది పోవాలంటే మైక్రోలీనియర్ దాకా వెళ్లాల్సిందే, ఈ ధరలో అంతకు మించి ఆశించడం అత్యాశ.

అరిగిన రికార్డుల విషయంలో ఒక సంగతి. ఈ ముల్లు గాడిలో పాత ముల్లు తిరిగిన చోట కాకుండా కాస్త వేరే చోట ఆనుతుంది కాబట్టి, కొన్ని పాత ఈపీలు (చిన్న 45 రికార్డులు) అనుకోకుండా బతికాయి. కొన్ని ఇంకా గరగరలాడాయి, లోతున ఉన్న మురికంతా ఇది పట్టుకుంటుంది. అందుకని ముందు కడగండి. 60ల నాటి సినిమా పాటలు చాలావరకు మోనోనే కాబట్టి మీ యాంప్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి, పైకీ కిందకీ కదిలినప్పుడు వచ్చే గరగర చాలావరకు మాయమవుతుంది. పైసా ఖర్చు లేని మేలు అది. మోనో బటన్ లేని యాంప్‌లు అసలు ఎందుకు తయారుచేస్తారో నాకు అర్థం కాదు.

తక్కువలు కూడా చెప్పాలి కదా. దీనికి 100 నుంచి 200 పీకోఫారడ్ల కెపాసిటెన్స్ (కేబులూ యాంపూ కలిసి కార్ట్రిడ్జ్ మీద వేసే ఒక రకం భారం) చాలు. పాత టర్న్‌టేబుల్ కేబులే 100 దాటుతుంది, దాని మీద యాంప్ లోపలిది ఇంకో 200 కలిస్తే హై శబ్దాలు గుచ్చుకుంటాయి. పాట మరీ పదునుగా వస్తుంటే కార్ట్రిడ్జ్‌ని తిట్టేముందు పొడవాటి కేబుల్ మార్చి పొట్టిది వేసి చూడండి. ఫోనో ఇన్‌పుట్ (టర్న్‌టేబుల్ కోసమే ఉండే సాకెట్) లేని కొత్త యాంప్ అయితే విడిగా ప్రీయాంప్ కొనాలి, బెరింజర్ పీపీ400 లాంటి చిన్నది చాలు మొదటికి. రెడ్ కొనకుండా మిగిలిన డబ్బు అక్కడికీ, త్రాసుకీ పోతుంది, ఇందాక అన్నది అదే.

ఇది ఎవరికి పనికిరాదంటే, మొట్టమొదట హెచ్ఎంవీ ఫియస్టా లాంటి పెట్టె ప్లేయర్లున్నవాళ్లకి. వాటిలో ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జ్, దాని అవుట్‌పుట్ వందల మిల్లీవోల్టులు, లోపలి యాంప్ దానికి తగ్గట్టే కట్టింది. ఆ ఆర్మ్‌లు మోపే బరువు కూడా ఎక్కువ, ఇది నలిగిపోతుంది, పాట రాదు. వాటికి సిరామిక్ ముల్లే వెతుక్కోండి. రెండోది, 80ల టెక్నిక్స్‌లో తిన్నటి ఆర్మ్‌కి కార్ట్రిడ్జ్ ప్లగ్ లాగా లోపలికి దూరేవి ఉన్నాయి, పీ-మౌంట్ అంటారు. వాటికి ఏటీ85ఈపీ లాంటివి వేరే ఉంటాయి, తూకం 1.25 గ్రాములు, కోణం గొడవే లేదు. మూడోది, తాతగారి 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు) వినాలనుకునేవాళ్లు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయోలిన్ 78 మీద ఉంటే నాకూ వినాలనే ఉంటుంది, విజయనగరం పక్కనే కదా మనకి, కానీ 78 గాడి ఎల్పీ గాడికి రెండు మూడు రెట్లు వెడల్పు, ఈ సన్న మొన అడుగుకి పడిపోయి దుమ్ములో ఈడ్చుకుంటూ పోతుంది. దానికని ఇదే వరసలో 3 మిల్ (అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో మూడు) మొనతో ఎస్పీ అనే ముల్లు ఉంది. అయినా ముందు మీ టర్న్‌టేబుల్‌కి 78 వేగం ఉందో లేదో చూసుకోండి, నా దానికి 33, 45 తప్ప లేదు.

మూడు వేలు కూడా దాటలేం అనేవాళ్లకి ఏటీ91 ఉంది. గుండ్రటి మొన, నాజూకు తక్కువ, గీతలు పడ్డ రికార్డులని క్షమించేస్తుంది. ఈపీలు మాత్రమే వినేవాళ్లకి నేనైతే అదే చెప్తాను, సిగ్గుపడక్కర్లేదు. దాని చివరి పాట మాత్రం అడగకండి.

పాత షూర్ కార్ట్రిడ్జ్ ఒకటి పెట్టెలో పడి ఉంది, అది వాడుకోవచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. షూర్ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ ఆపేసింది. బాడీ మంచిదే అయితే పారేయకండి, జపాన్‌లో జికో అనే కంపెనీ వాటికి ముళ్లు ఇంకా చేస్తోంది. మన దగ్గరికి తెప్పించుకుంటే కొరియర్, కస్టమ్స్ కలిసి ఎంతవుతుందో లెక్క చూసుకుని దిగండి. ఏ పేరూ లేని ప్లాస్టిక్ డబ్బీలో "ఒరిజినల్ టైప్" అని రాసి అమ్మే ముళ్ల జోలికి పోవద్దు, ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నాకు అలాంటిదే పంపాడు, భూతద్దంలో చూస్తే మొన పక్కకి వాలి ఉంది.

చివరగా, ఎలాగూ తెప్పిస్తున్నాం కదా అని రెండేసి ముళ్లు కొని బీరువాలో దాచకండి. ముల్లుని పట్టుకున్న ఆ చిన్న రబ్బరు వాడకపోయినా ఏళ్ల మీద గట్టిపడుతుంది. గంటలు దగ్గరపడుతున్నాయనిపించినప్పుడు, ఒక నెల ముందు ఆర్డర్ పెట్టుకుంటే చాలు.